హోవర్‌బోర్డ్ ఆగిపోయిందా? బోర్డు మార్చాలా, బ్యాటరీ మార్చాలా, బండినే మార్చాలా?

మావాడి తొమ్మిదో పుట్టినరోజుకి కొన్న, రెండు చక్రాల మధ్య నిలబడి నడిపే హోవర్‌బోర్డ్ ఏడాదిన్నర పాటు ఏ గొడవా లేకుండా తిరిగింది. ఒక సాయంత్రం బేస్‌మెంట్లో వాడు ఎక్కబోతే ఎర్రలైటు టకటకా కొట్టుకుంది, పీ పీ అని అరిచింది, ఎడమ చక్రం వణికి ఆగిపోయింది. మేముండేది బెంగళూరు హూడిలో. వీధి చివర సైకిల్ షాపాయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. మొబైల్ రిపేర్ అబ్బాయి మాత్రం "బోర్డు పోయింటుంది అక్కా, సెట్ మొత్తం మార్చాల" అన్నాడు, స్క్రూ ఒక్కటీ విప్పకుండానే. అమ్మిన ఆన్‌లైన్ దుకాణానికి ఫోన్ చేస్తే వారంటీ ఆరు నెలలే అన్నారు. డబ్బు పెట్టి బాగుచేయించుకుంటానన్నా, మనమే ప్యాక్ చేసి మన ఖర్చుతో పంపాలట.

రెండు రోజులు వెతికి కొత్త సర్క్యూట్ బోర్డుల సెట్ కార్ట్‌లో వేసుకున్నాను. ఆదివారం, కొనేముందు ఒకసారి చూద్దామని బోర్లించి కింది మూత తీశాను. రెండు సగాలనీ కలిపే ఇరుసులోంచి వైర్ల కట్ట ఒకటి అటు నుంచి ఇటు వెళ్తుంది. అందులో ఆకుపచ్చ సన్నవైరు తొక్క ఒలిచిపోయి, రాగి పోగులు రెండు మాత్రం పట్టుకుని వేలాడుతోంది. పిల్లాడు మలుపు తిప్పిన ప్రతిసారీ ఆ ఇరుసు నలిపింది నలిపినట్టు నలిపిందన్నమాట. తెగినచోట కత్తిరించి, సాల్డర్ చేసి, పైన హీట్‌ష్రింక్ గొట్టం తొడిగితే బండి లేచి కూర్చుంది. ఈసీఈ చదివిన పదహారేళ్లకి నేను మళ్లీ సాల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది ఆ రోజే. కార్ట్‌లో ఉన్న సెట్ ధర ఇక్కడ రాయను, మా ఆయన చదువుతారు.

ఆ తరవాత మా బ్లాక్‌లోనే ఇంకో రెండు బండ్లు నా దగ్గరికి వచ్చాయి. మూడింటికీ మూడు రకాల జవాబులు తేలాయి. అందుకే "ఎక్కడ బాగుచేస్తారు" అని ఎవరైనా అడిగితే, ముందు ఏం పోయిందో చూడండి అంటున్నాను. ఏది పోయిందన్నదాన్ని బట్టే ఎక్కడికి వెళ్లాలి, ఎంత పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా అన్నది తేలుతుంది.

విప్పితే కనిపించేది

మామూలు ఆరున్నర అంగుళాల చక్రాల హోవర్‌బోర్డ్‌లో వస్తువులు తక్కువే. ఒక సగంలో బ్యాటరీ ప్యాక్, రెండో సగంలో మెయిన్ బోర్డ్, రెండు పాదాల కిందా ఒక్కో గైరో బోర్డ్, అంటే బండి ఎటు వంగిందో కనిపెట్టేది. మోటారు చక్రంలోనే ఉంటుంది. దాన్నుంచి మూడు లావు వైర్లు, అయిదు సన్న వైర్లు వస్తాయి. లావువి మోటారుకి కరెంటు ఇచ్చేవి. సన్నవి హాల్ సెన్సర్లవి, అంటే చక్రం ఏ స్థానంలో ఉందో బోర్డుకి చెప్పేవి. మా ఆకుపచ్చ వైరు ఈ జాతిదే. కొన్ని మోడళ్లలో మెయిన్ బోర్డ్ ఒకటి కాక, చెరో పక్కా ఒకటి చొప్పున రెండుంటాయి. సెట్ కొనేటప్పుడు ఈ తేడా ప్రాణం తీస్తుంది, దాని సంగతి తరవాత.

విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేయండి. పసుపురంగులో ఉంటుంది, ఎక్స్‌టీ60 అంటారు. అది పీకకుండా స్క్రూడ్రైవర్‌తో లోపల కెలకొద్దు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు, సగం రోగాలు ఇంట్లోనే తేలతాయి. బ్యాటరీలో 10 వరసల లిథియం సెల్స్ ఉంటాయి. వరసకి రెండు చొప్పున మొత్తం 20. ఒక్కో వరస నిండుగా 4.2 వోల్టులు, అంటే ప్యాక్ నిండుగా 42. పైన 36 వోల్టులు అని రాసి ఉండేది సగటు లెక్క. చార్జర్ పిన్నుల దగ్గర 42 చూపించాలి. చార్జర్ సరిగానే ఉండి, ప్యాక్ 36కీ 42కీ మధ్య చూపిస్తే బ్యాటరీని పక్కనపెట్టి మిగతావి చూడండి. 30 కన్నా తక్కువ చూపిస్తే, లేదా అసలేమీ చూపించకపోతే అనుమానం బ్యాటరీ మీదే. చార్జర్ లైటు బండికి పెట్టినా ఆకుపచ్చగానే ఉండిపోతోందంటే చార్జింగ్ లోపలికి వెళ్లడం లేదని అర్థం. దానికి తప్పు చార్జర్‌దే కానక్కర్లేదు. చార్జింగ్ సాకెట్ పిన్ను లోపలికి పోయినా, ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్ కట్ చేసినా అంతే.

చక్రం పరీక్ష ఇంకా తేలిక, నాకు భలే నచ్చింది. బండి ఆఫ్‌లో ఉండగా చక్రాన్ని చేత్తో తిప్పండి. నునుపుగా తిరగాలి. పట్టిపట్టి, గట్టిగా తిరుగుతుంటే బోర్డు నుంచి ఆ మోటారు లావు వైర్లు మూడూ పీకి మళ్లీ తిప్పండి. ఇప్పుడు హాయిగా తిరిగితే బోర్డు మీద మాస్ఫెట్లు, అంటే మోటారుకి కరెంటు వదిలే స్విచ్చుల్లాంటి భాగాలు, షార్టయ్యాయి. అప్పటికీ బిగుసుకుంటే మోటారు వైర్లలోనో వైండింగ్‌లోనో షార్ట్ ఉంది. రెండు నిమిషాల పని. దీంతో బోర్డు కొనాలా, చక్రం కొనాలా అన్న ప్రశ్న తీరిపోతుంది.

ఎర్రలైటు ఎన్నిసార్లు కొట్టుకుంటోందో కూడా లెక్కపెట్టండి. చాలా బోర్డుల్లో నాలుగు, అయిదు అంటే మోటారు వైపు లోపం, ఆరు అంటే బ్యాటరీ, ఏడు, ఎనిమిది అంటే గైరో. తయారీని బట్టి ఇది మారుతుంది కాబట్టి దీన్ని తీర్పుగా కాక సాక్ష్యంగా తీసుకోండి. మీటర్ చెప్పేదీ ఇదీ కలిస్తే నమ్మొచ్చు.

కొనేముందు పైసా ఖర్చు లేని పనులు

బండి నిలబడకుండా ఒక పక్కకే లాగుతుంటే, లేదా గిరగిర తిరుగుతుంటే ముందు క్యాలిబ్రేషన్ చేయండి, అంటే ఏది సమమట్టమో బండికి మళ్లీ చెప్పడం. చదునైన నేల మీద రెండు సగాలూ ఒకే మట్టంలో పెట్టి, ఆఫ్‌లో ఉన్నప్పుడు పవర్ బటన్‌ని అయిదు నుంచి పది సెకన్లు నొక్కిపట్టాలి. లైట్లు వెలుగుతాయి. ఆపి మళ్లీ ఆన్ చేయాలి. దీనికే రిపేరు ఛార్జీ తీసుకున్న చోటు ఒకటి నాకు తెలుసు.

కాలు తీసినా చక్రం ఆగకపోతే పాదం కింది రబ్బరు విప్పి చూడండి. దాని అడుగున ఉండే బుడిపెలు గైరో బోర్డు మీది చిన్న సెన్సర్లకి అడ్డం వస్తేనే మనిషి ఎక్కాడని బండికి తెలుస్తుంది. బుడిపె వంగినా, సెన్సర్లో మట్టి ఇరుక్కున్నా మనిషి లేకుండానే పరుగెత్తుతుంది. బ్రష్‌తో దులిపితే పోయేదానికి గైరో కొనేవాళ్లున్నారు.

బోర్డు: ఒక్కటే కొనాలా, సెట్టా?

మాస్ఫెట్లు పోయాయని తేలితే మూడు దారులు. మొదటిది, పోయిన మాస్ఫెట్ ఒక్కటే మార్పించడం. మోటారుకి ఆరు చొప్పున పన్నెండుంటాయి. ఒకటి షార్టయితే దాన్ని నడిపే చిన్న భాగాలనీ తీసుకుపోయి ఉండొచ్చు. సామాన్లు చవక, కానీ చేసే చెయ్యి కావాలి. టీవీ బోర్డులు, ఇన్వర్టర్ బోర్డులు బాగుచేసేవాళ్లకి ఇది కొత్త పనేం కాదు. హోవర్‌బోర్డ్ షాపు అని వెతక్కండి, ఇన్వర్టర్ బోర్డు రిపేర్ అని వెతకండి.

రెండోది, మెయిన్ బోర్డ్ ఒక్కటే కొనడం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒక తయారీ మెయిన్ బోర్డు మాట ఇంకో తయారీ గైరో వినదు. పిన్నులు సరిపోతాయి, ప్లగ్ ఎక్కుతుంది, అయినా ఎర్రలైటే. పాత బోర్డు మీద అచ్చువేసిన నంబరు అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే విడిగా కొనండి.

మూడోది సెట్: మెయిన్ బోర్డు, రెండు గైరోలు, ఒక్కోసారి బ్లూటూత్ ముక్క, రిమోట్ కూడా. ధర ఎక్కువే, కానీ ఒకదానితో ఒకటి కుదిరేవి వస్తాయి. నంబరు దొరకనప్పుడు నా ఓటు సెట్‌కే. కొనేముందు మూడు ఫోటోలు తీసి పెట్టుకోండి: మీ బోర్డు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం స్కేలు పెట్టి, మోటారు కనెక్టర్. రెండు మెయిన్ బోర్డుల బండికి ఒక బోర్డు సెట్ తెస్తే వైర్లు అందవు. బిగించాక క్యాలిబ్రేషన్ తప్పనిసరి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు చక్రాలు గాల్లో ఉండాలి, పిల్లలు పక్కగదిలో ఉండాలి.

మోటారు అరుదుగా పోతుంది. పోతే మాత్రం కొత్త చక్రం జోలికి వెళ్లను. పాడైన బండి ఒకటి పాత సామాన్లవాళ్ల దగ్గరో, అపార్ట్‌మెంట్ గ్రూపులోనో దొరికితే దాని చక్రం తీసుకోవడమే నయం. సైజు, కనెక్టర్ చూసుకుంటే చాలు.

బ్యాటరీ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు

రెండో బండి పై ఫ్లోర్ వాళ్లది. వేసవి సెలవులవగానే అటకెక్కించి, దసరాకి దింపారు. ఆన్ కాలేదు. మీటర్ పెడితే ప్యాక్ 21 వోల్టులు. అంటే వరసకి 2.1. అప్పటికే వాళ్లకి ఒక రిపేరాయన, రక్షణ సర్క్యూట్‌ని తప్పించి నేరుగా కరెంటిచ్చి "లేపుతా"నని చెప్పాడట, చాలా తక్కువకే.

ఒప్పుకోవద్దన్నాను. లిథియం సెల్ అంత కిందికి పడిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవొచ్చు. మళ్లీ చార్జింగ్ పెడితే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ చేయొచ్చు. లేచినట్టే లేస్తుంది. ఏ రాత్రో చార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని సంగతి బయటపడుతుంది. పైగా ఇవి స్టీలు డబ్బాల్లాంటి సెల్స్, ఫోన్ బ్యాటరీలా ఉబ్బి ముందే హెచ్చరించవు. 2015, 2016ల్లో హోవర్‌బోర్డులు అంటుకున్న వార్తలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2016 జూలైలో అమెరికాలో ఒక్కసారే 5 లక్షలకి పైగా బండ్లు వెనక్కి పిలిపించారు, కారణం ఈ ప్యాకులే. ఈ బండ్ల కరెంటు భద్రతకి యూఎల్ 2272 అనే ప్రమాణం వచ్చింది కూడా ఆ ఏడాదే. కొత్తది కొనేటప్పుడు ఆ పేరు కోసం వెతకండి.

కాబట్టి పోలిక రెండింటి మధ్యే: రెడీమేడ్ ప్యాక్, లేదా ప్యాకులు కట్టేవాళ్ల దగ్గర కొత్తగా కట్టించడం.

రెడీమేడ్ అయితే కొలతలు, కనెక్టర్ కుదిరితే చాలు, బిగించేయొచ్చు. వాటి కెపాసిటీ మామూలుగా 4 నుంచి 4.4 ఆంపియర్ అవర్ల మధ్య ఉంటుంది. 36ని 4.4తో హెచ్చిస్తే 158 వాట్ అవర్లు. అదే కొలత డబ్బాలో 8, 10 ఆంపియర్ అవర్లు అని రాసి అమ్ముతుంటే ఆగి ఆలోచించండి. ఈ ప్యాకుల్లో వాడే గుండ్రటి గొట్టంలాంటి సెల్‌ని 18650 అంటారు, అది ఎంత మంచిదైనా 3500 మిల్లీ ఆంపియర్ అవర్ల దరిదాపుల్లోనే ఆగుతుంది. 9900 అని అచ్చువేసిన సెల్ కనిపిస్తే అది సెల్ కాదు, స్టిక్కర్.

కట్టించడంలో లాభం ఏమిటంటే, ఏ సెల్ వేస్తున్నారో మనం చూడొచ్చు. బెంగళూరులో ఎలక్ట్రిక్ స్కూటర్లు, సైకిళ్లు పెరిగాక ప్యాకులు కట్టేవాళ్లూ పెరిగారు. అడగాల్సిన ప్రశ్నలు ఇవి. సెల్స్ కొత్తవా, పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోంచి తీసినవా? బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్నవా? పవర్‌బ్యాంక్‌కి వాడే రకమా, ఎక్కువ కరెంటు ఇవ్వగల రకమా? నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేస్తారా? ఐరన్‌తో సెల్ మీదే నేరుగా సాల్డర్ చేస్తానంటే లేచి వచ్చేయండి, ఆ వేడికి సెల్ లోపలే దెబ్బతింటుంది. బిల్లు మీద సెల్ పేరు రాయించుకోండి. రాయను అంటే అదీ ఒక జవాబే.

పై ఫ్లోర్ వాళ్లు రెడీమేడ్ తెప్పించారు. కొత్త బండి ధరలో మూడో వంతు పడింది. మిగతావన్నీ బాగున్నాయి కాబట్టి పెట్టడం న్యాయమే. ఇప్పుడు వాడకపోయినా నెలన్నరకి ఒకసారి సగానికి పైగా చార్జ్ పెట్టి లోపల పెడుతున్నారు.

బ్యాటరీని సొంతూరి నుంచో, విదేశం నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులోనో తెప్పించుకుందామనుకుంటే ఆ ఆశ వదులుకోండి. హోవర్‌బోర్డుల్ని చాలా విమానాల్లోకి రానివ్వరు. విడి ప్యాక్‌ని చెక్‌ఇన్ లగేజీలో పెట్టడం నిషేధం. ఆన్‌లైన్ ఆర్డరైతే రోడ్డు మార్గంలో వస్తుంది, వారమైనా ఓపిక పట్టాలి.

ఎస్పీ రోడ్డా, ఆన్‌లైనా?

చిన్న సామాన్లకి బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుని మించింది లేదు. చార్జర్, చార్జింగ్ సాకెట్, కనెక్టర్లు, హాల్ సెన్సర్లు, మాస్ఫెట్లు, హీట్‌ష్రింక్ అన్నీ అక్కడే. మా వైపు నుంచైతే మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే తరవాతి స్టేషనే చిక్‌పేట్, అక్కణ్నుంచి నడక. ఆదివారం చాలా షాపులు మూసేసి ఉంటాయి. శనివారం పొద్దున్నే వెళ్తే అమ్మేవాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది.

పాత వస్తువు చేత్తో పట్టుకెళ్లండి, ఫోన్‌లో ఫోటో చాలదు. మూడు పిన్నుల చార్జర్ కోసం వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గరి పెద్దాయన నా పాతదాన్ని అటూ ఇటూ తిప్పి, కొత్తది ఒకటి ప్లగ్గులో పెట్టి, మీటర్ ముల్లులు పిన్నులకి ఆనించాడు. 41.9. "గ్యారంటీ ఏనూ ఇల్ల మేడమ్, చెక్ మాడ్కొండు తగొండ్‌హోగి" అన్నాడు, అంటే గ్యారంటీ ఏమీ లేదు, చెక్ చేసుకుని తీసుకెళ్లండి అని. నా కన్నడ విని ఏ ఊరని అడిగి, మదనపల్లె అనగానే తెలుగులోకి దిగి, పిన్నుల వరస కూడా చూసుకోమన్నాడు. మంచి మాట. పిన్నులు సరిపోయినంత మాత్రాన ప్లస్, మైనస్ ఒకే చోట ఉండాలని లేదు. వోల్టేజీ 42, కరెంటు 2 ఆంపియర్ల దగ్గర ఉండాలి. అదే ఆకారపు ప్లగ్‌తో వేరే వోల్టేజీ చార్జర్లూ వస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ సైకిల్ చార్జర్ అసలు పెట్టొద్దు.

బోర్డుల సెట్లు, ప్యాకులు మాత్రం అక్కడ నాకు ఒక పట్టాన దొరకలేదు. దొరికిన చోట బోర్డుకి పేరూ ఊరూ లేవు. వాటికి ఆన్‌లైనే మేలు, కారణం ఒక్కటే: కుదరకపోతే వెనక్కి పంపొచ్చు. రిటర్న్ లేదని రాసి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. ఇదివరకు చాలామంది చైనా నుంచి అలీఎక్స్‌ప్రెస్‌లో తెప్పించుకునేవాళ్లు. 2020 నవంబరులో ఆ యాప్‌ని మన ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు ఇక్కడి అమ్మకందారులు దిగుమతి చేసి పెట్టుకున్నవే గతి, అందుకే ధర కాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

కంపెనీ సర్వీసు ఎప్పుడు? వారంటీలో ఉంటే మారు మాట్లాడకుండా వాళ్లకే ఇవ్వండి, మూత విప్పితే ఆ హక్కు పోతుంది. సెగ్‌వే నైన్‌బాట్ లాంటి బండ్లయితే వారంటీ అయిపోయినా ముందు వాళ్లనే అడగండి. వాటి బ్యాటరీ, బోర్డు వాటి సొంతం. నేనిక్కడ రాసిన 36 వోల్టుల లెక్కలు, చవక సెట్లు వాటికి పనికిరావు. వాటి ధరకి సర్వీసు ఖర్చు పెట్టినా గిట్టుతుంది.

మూడో బండి

మూడోది సి బ్లాక్ వాళ్లది, నాలుగేళ్లనాటిది. ఆఫ్‌లో ఉన్నా కుడి చక్రం రోలు తిప్పినట్టు తిరిగింది. లావు వైర్లు పీకగానే గాలిపటం చరఖాలా తిరిగింది. మాస్ఫెట్లే. సెట్ ధర కొత్త బండిలో సగానికి దగ్గరగా వచ్చింది. అంతవరకూ అయితే పెట్టమనేదాన్నే. కానీ ప్యాక్ కూడా పాతదే. నిండా చార్జ్ పెట్టి బండికి తగిలించకుండా ఉంచితే, తెల్లారేసరికి 42 కాస్తా 38కి దిగింది. ఈ ఏడాది బోర్డు, వచ్చే ఏడాది బ్యాటరీ అంటే కొత్తది కొన్నట్టే, పైగా ప్లాస్టిక్ మూత మీద పగుళ్లు పాతవే. నా లెక్క మోటుగా ఉంటుంది: బోర్డు, బ్యాటరీల్లో ఒకటే పోయి, ఖర్చు కొత్తదాని ధరలో సగం లోపల ఉంటే బాగుచేయించు. రెండూ పోతే వదిలెయ్. వానలో తడిసి బోర్డు మీద తుప్పు పచ్చగా కనిపిస్తుంటే ఒక్కటి పోయినా వదిలెయ్, ఇవాళ బాగుపడ్డది రేపు ఇంకోచోట పోతుంది. పిల్లాడికి పన్నెండేళ్లు దాటి సైకిల్ మీద మనసు పడితే మాత్రం ఏ లెక్కా వేయనక్కర్లేదు.

వాళ్లు వదిలేశారు. ప్యాక్ కనెక్టర్‌కి టేపు చుట్టి, ఇసుక పోసిన ఇనప బకెట్‌లో పెట్టి బాల్కనీ మూలన ఉంచాను, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లు వచ్చేదాకా. చెత్తబండిలో వేయకూడదని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్తున్నాయి. అవి చెప్పకపోయినా, చెత్తబండిలో నలిగితే అంటుకునే వస్తువు అది. చార్జర్ మా ఇంట్లో స్పేర్‌గా ఉండిపోయింది. బాగున్న గైరోలు రెండూ నంబరు రాసిన కవర్లో పెట్టి దాచాను. చక్రాలు రెండూ మూడో అంతస్తులో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఫైనలియర్ ప్రాజెక్టుకి పట్టుకెళ్లాడు. వాడి రోబోకి నాలుగు చక్రాలు కావాలట. "ఆంటీ, ఇంకెవరిదైనా పోతే నాకు చెప్పండి" అని రోజూ లిఫ్ట్‌లో గుర్తుచేస్తున్నాడు.